అత్త నానబెట్టిన వంతెనలు

నా దగ్గరున్న తపాలా బిళ్ళల్లో రాజులు లేరు, రాణులు లేరు, పువ్వులూ పక్షులూ క్రికెట్ ఆటగాళ్ళూ లేరు. వంతెన ఉంటేనే నా ఆల్బంలో చోటు. పులి బొమ్మ వెనకాల ఒక వాగు, ఆ వాగు మీద చిన్న చెక్క వంతెన ఉంటే, పోనీలే అని పులిని కూడా రానిస్తాను. మా స్టాంపుల క్లబ్బులో మగవాళ్ళు దీనికి నవ్వుతారు. వాళ్ళు దేశాల వారీగా, ఏళ్ళ వారీగా, అచ్చు తప్పులున్నవి ఏరి ఏరి దాచుకునే రకం. "మేడం, ఈ వంతెనల పిచ్చి మీకెలా పట్టింది?" అని అడుగుతారు. వాళ్ళది శాస్త్రం, నాది పిచ్చి.

పట్టింది ట్రాఫిక్ వల్ల. మా ఇల్లు కె.ఆర్. పురంలో. నా ఉద్యోగం మహదేవపురలో, మిషన్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో, టపాలు చూసుకునే సెక్షన్‌లో. రెంటికీ మధ్య రైలు పట్టాల మీదుగా హ్యాంగింగ్ బ్రిడ్జి. బస్సు అక్కడికి రాగానే ఆగిపోతుంది, మళ్ళీ ఎప్పుడు కదులుతుందో డ్రైవరుకే తెలియదు. కిటికీ పక్క సీటు దొరికిన రోజు ఆ స్తంభాలనూ, వాటి మీంచి ఏటవాలుగా దిగే లావుపాటి తీగలనూ చూస్తూ కూర్చునేదాన్ని. ఇంకేం చేస్తాం. అలా ఏళ్ళు చూశాక ఒకరోజు ఆఫీసుకి విదేశం నుంచి వచ్చిన కవరు మీద అచ్చం అలాంటి తీగల వంతెన కనబడింది. రెండు వేళ్ళ మధ్య ఇమిడే కాగితం మీద తీగలన్నీ ఉన్నాయి. ఎలాగూ చెత్తబుట్టలోకి పోయే కవరే కాబట్టి ఆ మూల కత్తిరించి పర్సులో పెట్టుకున్నాను. ఆ రోజు ఇంటికి ఆలస్యంగా చేరినా ఎవరి మీదా విసుక్కోలేదట. ఈ మాట మా ఆయన ఇప్పటికీ చెబుతుంటాడు.

ఇప్పుడైతే మా సెక్షన్‌కి బిళ్ళ అంటించిన కవరు వస్తే పండగే. వచ్చేవన్నీ కొరియర్ స్టిక్కర్లూ, గీతల గీతల బార్‌కోడ్‌లూ. అందుకని క్లబ్బు నుంచి మూటలు తెచ్చుకుంటాను. ఎక్కడెక్కడి కవర్ల నుంచో కత్తిరించిన కాగితం ముక్కలు, ఒక్కో ముక్క మీద ఒకటో రెండో బిళ్ళలు, పాత పేపర్లలాగా తూకం వేసి ఇస్తారు. ఒక మూట గాలిస్తే గుప్పెడు వంతెనలు దొరుకుతాయి. మిగతావి క్లబ్బులో ఇచ్చేసి, వాళ్ళకి అక్కర్లేని వంతెనలు తెచ్చుకుంటాను. భూతద్దం పెట్టి వెతకడంలోనే ఉంది మజా అంతా. ఎవరో పెద్దమనిషి బొమ్మ ఉంటుంది, ఆయన భుజం వెనకాల చిటికెన గోరంత వంతెన. బొమ్మ గీసినవాడు తప్ప ఇంకెవరూ దాన్ని చూసి ఉండరు. నేను చూశాను. ఆ పెద్దమనిషి ఎవరో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు.

ఇందులో నాకు నియమాలున్నాయి. కింద ఏదో ఒకటి పోవాలి, నీళ్ళో రైలో మనుషులో. పైన కూడా ఏదో ఒకటి పోవాలి. పైన కాలవ పారే కట్టడాన్ని వంతెన అనొచ్చా అని మా ఆయనతో ఒక ఆదివారం పొద్దున మొదలైన వాదన భోజనాల దాకా సాగింది. "నీళ్ళు నడిచిపోతున్నాయి కదా, ఇంకేం కావాలి" అన్నాడు. ఒప్పుకోబుద్ధి కాలేదు. మర్నాడు ఆయన చూడకుండా ఆ బిళ్ళను ఆల్బంలో పెట్టాను.

మోకాళ్ళ నొప్పులతో అత్త మా ఇంటికి వచ్చింది ఈ మూటల కాలంలోనే. అప్పటిదాకా హొసకోటెలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని, చెల్లెలి ఇంటి పక్కనే ఉండేది. అంతకు ముందు ఆమె బతుకంతా బెంగుళూరులో కట్టే చోట్లలోనే గడిచింది. పెళ్ళయిన కొత్తలో మామయ్యతో కదిరి వైపు నుంచి వచ్చింది. మామయ్య కంబీ, అంటే కాంక్రీటు లోపలి ఇనప చువ్వలు, కట్టేవాడు. ఆమె కాంక్రీటు బాండ్లీలు నెత్తిన మోసేది. కట్టడం లేస్తున్నన్నాళ్ళూ దాని పక్కనే రేకుల షెడ్డులో కాపురం, అది పూర్తయితే ఇంకో కట్టడం. మా ఆయన పుట్టింది, ఎక్కాలు నేర్చింది ఆ షెడ్లలోనే. హ్యాంగింగ్ బ్రిడ్జి పనిలో కూడా ఇద్దరూ ఉన్నారు. మామయ్య పోయాక కూడా ఆమె చాలాకాలం పని మానలేదు.

అలాంటి మనిషిని మూడో అంతస్తులో సోఫా మీద కూర్చోబెట్టి టీవీ చూడమంటే ఏం చూస్తుంది. వారం తిరక్కుండానే నా వంటింటి డబ్బాలన్నీ చోట్లు మారాయి. ఉప్పు ఎక్కడుందో అడిగి తెలుసుకోవాల్సి వచ్చినప్పుడు నాకు ఒళ్ళు మండింది. పైకి అనలేదు గాని గిన్నెలు కొంచెం గట్టిగానే పెట్టాను.

"సుమ్నె, ఊరికే కూసోవాలంటే బేజారమ్మా," అంది అత్త, ఆ చప్పుడు విని. "ఒళ్ళు తుప్పు పడతాది. ఏదన్నా పని చెప్పు."

ఆ పూట నేను బిళ్ళలు నానబెడుతున్నాను. వంటింటి నుంచి ఆమెను బయటికి తేవాలన్న ఉద్దేశంతోనే, ఇది చూడత్తా అని బేసిను ఆమె ముందుకు జరిపాను. పని పెద్దదేం కాదు, కానీ ఓపిక కావాలి. గోరువెచ్చని నీళ్ళలో కాగితం ముక్కలు తేలవేస్తే కాసేపటికి జిగురు కరిగి బిళ్ళ తనంత తానే జారుతుంది. తొందరపడి లాగితే చిరుగుతుంది. చుట్టూ ఉండే పళ్ళలో ఒక్కటి విరిగినా బిళ్ళ చెడినట్టే. జారినదాన్ని మంచినీళ్ళలో ఇంకోసారి ముంచి, బోర్లా ఆరేసి, ఆరాక బరువు కింద పెట్టాలి. "కాగితం చెత్త అత్తా, బిళ్ళే మనకు కావాల్సింది" అని చెప్పాను.

రెండు రోజుల్లో ఆ పని నా చేయి దాటిపోయింది. రంగు కాగితాల మీదున్నవాటిని కొత్త చీరల్లాగా వేరే గిన్నెలో వేసింది. రంగు దిగుతుందని నేను ఇంకా చెప్పనే లేదు. ఆరబెట్టడానికి నేను వాడే పేపరు తీసి పడేసి మామయ్య పాత పంచె పరిచింది, దాని మీద బిళ్ళల్ని వడియాల్లాగా వరసలు పెట్టింది. బరువుకి బియ్యం డబ్బా. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి బల్ల మీద శుభ్రమైన బిళ్ళలు ఒక పక్క, వాటిలోంచి ఏరిన వంతెనలు ఇంకో పక్క. కళ్ళజోడు పెట్టుకుని అన్నీ తనే వెతికేది. నేను వదిలేసినవి కూడా రెండు మూడు పట్టింది. ఒక రైలు కింద, పొగ చాటున ఉన్న వంతెన ఆమెకి దొరికినప్పుడు నాకు అసూయ వేసింది.

అత్తకు చదువు రాదు. దేశాల పేర్లతో ఆమెకి పనిలేదు. వంతెనలకి తనే పేర్లు పెట్టుకుంది. కమానుల వంతెన, సగం చేతిగాజులా వంగి ఉంటుందని, గాజు వంతెన. ఇనప కడ్డీలు అడ్డదిడ్డంగా అల్లినది జడ వంతెన. తాళ్ళ మీద వేలాడేది ఉయ్యాల వంతెన. పడవ వచ్చినప్పుడు రెండుగా విడిపోయి పైకి లేచేది వాకిలి వంతెన. "అమ్మీ, ఈ పొద్దు రెండు జడలూ ఒక గాజూ వచ్చె" అని గుమ్మంలోనే చెప్పేది. ఆఫీసులో ఎంత చిరాకు పడి వచ్చినా ఆ మాటకు తగ్గిపోయేది.

"మన బ్రిడ్జి ఉండాదా దీంట్లో?" అని ఒకరోజు అడిగింది, ఆల్బం తిప్పుతూ.

నాకు తెలిసినంతలో లేదన్నాను. ఎక్కడెక్కడి వంతెనలో ఉన్నాయి గాని, మన కె.ఆర్. పురం వంతెన బిళ్ళ నా కంట పడలేదు. తరవాత ఒక ఆదివారం ఆమెను మొదటిసారి మెట్రో ఎక్కించాం. స్టేషన్ మీద నుంచి ఆ వంతెన బాగా కనబడుతుంది. అత్త కమ్మీ పట్టుకుని నిలబడి, అదిగో ఆ స్తంభం కాడ మన షెడ్డు ఉండె, మీ నాయన ఆడనే కంబీ కడతా ఉండె, అని మా ఆయనకు చూపించింది. ఇంత పైనుంచి దాన్ని తనెప్పుడూ చూడలేదట. ఎండకు కళ్ళు చిట్లించి ఇటు తిరిగినప్పుడు మా ఆయన ఫోనులో ఫొటో తీశాడు.

ఆ ఏడు క్లబ్బువాళ్ళు ప్రదర్శన పెట్టాలనుకున్నారు. ఒక్కొక్కరికీ ఒక చట్రం, అందులో పదహారు షీట్లు. నా వంతెనలు కూడా పెట్టమన్నారు. నవ్వినవాళ్ళే అడిగేసరికి నాకు కొంచెం గర్వంగానే అనిపించింది. అందులో నేను ఆశ పెట్టుకున్నది ఒకే ఒక్క కవరు మీద. ఒక చలిదేశంలో నది ఒడ్డున చిన్న ఊరు. ఆ ఊరి వంతెన బొమ్మతో బిళ్ళ. ఆ బిళ్ళ అంటించి, ఆ ఊరి పోస్టాఫీసులోనే ముద్ర కొట్టించి, ఎవరో ఎవరికో బెంగుళూరు కంటోన్మెంటుకు పంపిన కవరు. గుండ్రటి ముద్ర సగం బిళ్ళ మీద, సగం కవరు మీద పడి, ఊరి పేరు చక్కగా చదవడానికి వస్తుంది. చిరునామా నీలం సిరాతో ఉంది. విడి బిళ్ళ ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. ఇలా బిళ్ళ, ఊరు, ముద్ర మూడూ కలిసిన కవరు దొరకదు. క్లబ్బులో ఒక పెద్దాయన దగ్గర అది చూసి, ఏళ్ళ తరబడి అడిగి, ఆయన విసుగెత్తి ఇచ్చేదాకా వదల్లేదు. దానికి బదులుగా, మూటల్లో దొరికిన ఓడల బిళ్ళలన్నీ ఆయన దగ్గరికి వెళ్ళిపోయాయి.

షీటు మీద ఎక్కడ పెట్టాలో కొలిచి చూసుకుని, ఆ పొద్దు కవరును బల్ల మీదే వదిలి ఆఫీసుకు వెళ్ళాను. పక్కన నానబెట్టాల్సిన మూట కూడా ఉంది.

సాయంత్రం వచ్చేసరికి అత్త గుమ్మంలో ఎదురైంది. మొహం వెలిగిపోతోంది.

"ఆ పెద్ద కవురు కూడా నానబెట్టేసినా అమ్మీ," అంది. "గమ్ము బో గట్టిది. ఉడుకునీళ్ళు పోస్తే గాని రాలే. ఒక్క పల్లు పోలే, సూడు."

పంచె మీద, వరస మొదట్లో, ఆ బిళ్ళ బోర్లా పడుకుని ఉంది. చిన్న పట్టకారుతో తిప్పి చూశాను. నిజంగానే ఒక్క పల్లు పోలేదు. కవరు చెత్తబుట్టలో ఉంది. తడిసి ముద్దయింది, నీలం సిరా అంతా కరిగి పాకింది. బిళ్ళ ఉండాల్సిన చోట తెల్లటి నలుచదరం, దాని అంచున సగం ముద్ర. చాలా దుఃఖం వచ్చింది, కోపం కూడా వచ్చింది. కానీ ఎవరి మీద కోప్పడాలి. కాగితం చెత్త అని చెప్పింది నేను. తెచ్చిన ప్రతి ముక్కనూ నానబెట్టమంది నేను. కొన్ని కవర్లకు కాగితమే ప్రాణమని చెప్పే సందర్భం అంతవరకూ రాలేదు, అలాంటి కవరు ఇంట్లోకి రావడం అదే మొదలు.

"బాగా వచ్చిందత్తా," అన్నాను. నా గొంతు నాకే బాగా లేదు.

అత్త ఇళ్ళు కట్టిన మనిషి. గోడ కొట్టి చూస్తే లోపల బోలుగా ఉందో లేదో తెలుసు. అన్నాల దగ్గర కొడుకుని నిలదీసి, ఆయన నోట్లోంచి సంగతి రాబట్టింది. ఆయన మెల్లిగానే చెప్పాడు, అదేం పెద్ద విషయం కాదని కూడా అన్నాడు. ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తరవాత లేచి చెయ్యి కడుక్కుంది.

మర్నాడు బేసిను వంటింటి గట్టు మీద బోర్లించి ఉంది. పంచె మడతపెట్టి ఉంది. కొత్త మూట ముందు పెట్టి చూశాను. వంతెనల మీద ఏదో ఒకటి అడిగి చూశాను. కళ్ళు మసకలు అంది. రోజంతా సోఫా మీద కూర్చుని టీవీ చూసింది. వంటింటి డబ్బాలు ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి. నాకు అది చూస్తే భయం వేసింది.

"అత్తా, అది ఒక కవరు. పోయింది. దానికేముంది ఇప్పుడు?" అన్నాను, కొంచెం గట్టిగానే. నాకు బతిమాలడం రాదు, బతిమాలబోతే కసురుకున్నట్టే ఉంటుంది.

"నాకు కాయితం పని ఈయద్దమ్మా," అంది. "రాయీ కంకరా మోసిన చెయ్యి ఇది. ఏది ఉంచల్లో ఏది తీయల్లో దీనికి తెలీదు. నువ్వు ఎంత ఆశ పెట్టుకొని తెచ్చుకుంటివో ఏమో."

ఆ వారంలోనే హొసకోటెకు వెళ్ళిపోతానంది. అక్కడ చెల్లెలి ఇంట్లో మార్కెట్టుకు పూలు కడతారు, చేతికి పనుంటాది అంది. మా ఆయన వద్దన్నాడు, నేను వద్దన్నాను. నాలుగు రోజులుండి వస్తాలే అని సంచి సర్దుకుంది. సంచిలో కళ్ళజోడు పెట్టుకోలేదు. బిళ్ళలు వెతకడానికే వాడేది దాన్ని, బల్ల మీదే వదిలేసింది. నాలుగు రోజుల మాట ఉత్తదని నాకు అప్పుడే తెలిసింది.

ఆమె లేని ఇల్లు బాగుండదని అప్పటిదాకా నేననుకోలేదు. ఉప్పు డబ్బా నా చోటుకు నేను తెచ్చుకున్నాను, అది మాత్రం ఆమె పెట్టిన చోటే సౌకర్యంగా ఉండేదని తెలిసి మళ్ళీ అక్కడే పెట్టాను. ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసుకుంటే గాజులూ జడలూ అని చెప్పేవాళ్ళు లేరు. నేనే నానబెట్టబోయి ఒక మంచి ఉయ్యాల వంతెనకి మూల చింపాను. ఆ తరవాత మూటలు విప్పలేదు. అవి బల్ల మీద పేరుకుంటూ పోయాయి. మా ఆయన పూటపూటకీ ఫోను చేసేవాడు. బాగుండా, మోకాళ్ళు బాగుండాయి, అందరూ బాగుండారు, అని చెప్పేదట. ఎప్పుడొస్తావంటే మాత్రం పూలు బో ఉండాయప్పా అనేదట.

ప్రదర్శనకు షీట్లు రాయాల్సి వచ్చింది. కవరు పెట్టాల్సిన చోట ఆ బిళ్ళ ఒక్కటే పెట్టాను. ప్రతి వంతెన కిందా పుస్తకాల్లో ఉండే పేరు ఇంగ్లీషులో రాశాను. రాసి చూసుకుంటే ఆ షీట్లు నావి కావేమో అనిపించింది. అందుకని వాటి కింద తెలుగులో గాజు వంతెన, జడ వంతెన, ఉయ్యాల వంతెన అని కూడా రాశాను. చూడవచ్చిన న్యాయనిర్ణేతకు తెలుగు వచ్చు. ఆయన వంగి చదివి, ఈ పేర్లు ఏ కేటలాగులోవి అని అడిగాడు. మా ఇంట్లోవి అన్నాను. ఆయన ఏదో రాసుకుని పక్క చట్రానికి వెళ్ళిపోయాడు. నాకు బహుమతి ఏదీ రాలేదు. వస్తుందని అనుకోలేదు గాని, రాకపోతే బాధపడనని కూడా అనుకున్నాను, అది తప్పయింది.

హాలు బయట తపాలావాళ్ళు బల్ల వేసుకున్నారు. మన ఫొటో ఇస్తే దాన్ని బిళ్ళగా అచ్చువేసి ఇస్తారు. కవరు మీద అంటిస్తే మామూలు బిళ్ళలాగే పోతుంది. మా క్లబ్బు పెద్దలు వాటిని బిళ్ళలుగానే లెక్కలోకి తీసుకోరు, నేనూ ఇంతకుముందు మూతి విరిచినదాన్నే. జనం పిల్లలతో, పెళ్ళి ఫొటోలతో వరసలో నిలబడ్డారు. నేను మా ఆయన్ని పిలిచి, మెట్రో స్టేషన్లో తీసిన అత్త ఫొటో నా ఫోనుకు పంపమన్నాను.

కంప్యూటరు దగ్గర కూర్చున్న అమ్మాయి ఫొటో చూసి, "వెనకాల ఇదంతా తీసేద్దాం మేడం, మొహం పెద్దగా వస్తుంది" అంది.

"వెనకాలదే కావాలి," అన్నాను.

"అంత చిన్న సైజులో అది కనబడదు మేడం."

"కనబడేవాళ్ళకు కనబడుతుంది."

ఆమె నాతో వాదించదలుచుకోలేదు. బిళ్ళలు చేతికి వచ్చాక భూతద్దం తీసి చూశాను. అత్త కళ్ళు చిట్లించి ఉంది. ఆమె చెవి వెనకాల, కమ్మ పక్కన, స్తంభమూ దాని తీగలూ ఉన్నాయి. కింద రైలు పట్టాలు కూడా ఒక గీతలాగా ఉన్నాయి. నా నియమాల ప్రకారం అది వంతెనే.

మర్నాడు మంచి గట్టి కవరు కొన్నాను. హొసకోటె చిరునామా కన్నడంలో రాశాను. ఉత్తరం రాద్దామని కూర్చున్నాను గాని ఏం రాయను. ఆమెకు చదవడం రాదు, చెల్లెలి ఇంట్లో ఎవరో ఒకరు అందరి ముందూ పైకి చదువుతారు. నువ్వు లేకపోతే నాకు బాగా లేదు, వచ్చెయ్యి అన్న మాట ఇంకొకరి గొంతులో ఆమె వినడం నాకిష్టం లేదు. కవరు మడత పడకుండా లోపల ఒక అట్టముక్క పెట్టి అంటించేశాను. బిళ్ళ కుడి మూలన నిటారుగా అంటించి, పోస్టాఫీసుకు తీసుకెళ్ళి, ముద్ర నా కళ్ళముందే కొట్టమని అడిగాను. సగం బిళ్ళ మీద, సగం కవరు మీద పడాలి అని వేలితో చూపించాను. కౌంటరులో ఉన్నాయన నా మొహం ఒకసారి చూసి, నేను చెప్పినట్టే కొట్టాడు.

హొసకోటె ఎంత దూరం. బస్సెక్కితే పొద్దుటి కాఫీ ఆ ఊళ్ళో తాగొచ్చు. కానీ కవరు చేరిందో లేదో ఉలుకూ పలుకూ లేదు. మా ఆయన అడుగుతానంటే నేను అడగనివ్వలేదు. ఒక వారం గడిచింది, ఇంకో వారం మొదలైంది. ఎక్కడో పోయిందనుకున్నాను. లేదా చేరింది గాని ఆమెకు నచ్చలేదనుకున్నాను. తన మొహాన్ని ఊరిమీద పంపినందుకు సిగ్గుపడిందేమో అని కూడా అనుకున్నాను. ఇలాంటివి అనుకోవడం మొదలుపెడితే నాకు అంతుండదు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. బెంగుళూరు సాయంత్రపు వాన ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. హ్యాంగింగ్ బ్రిడ్జి దగ్గర బస్సులన్నీ ఆగిపోయాయి. నేను తడిసి ఇల్లు చేరి, చీర మార్చుకుని, కాఫీ పెట్టుకుంటున్నాను. కాలింగ్ బెల్లు మోగింది. మా ఆయనే అనుకుని తలుపు తీశాను.

అత్త నిలబడి ఉంది. తల మీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. చీర ఒంటికి అంటుకుపోయింది. చేతిలో సంచి కూడా తడిసి బరువెక్కింది. బస్సు కదలకపోతే దిగి, ఆ మోకాళ్ళతో బ్రిడ్జి నుంచి నడిచి వచ్చిందట.

"ఇంత వానలో ఏంటత్తా, ఫోను చేస్తే వచ్చేవాళ్ళం కదా," అని నేను టవలు కోసం లోపలికి తిరిగాను.

"టవలు తర్వాత. ముందు ఇది సూడు," అంది.

నడుము దగ్గర చీర మడతల్లోంచి ఒక పొట్లం తీసింది. కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్టు, దాని మీద ఇంకో పాల ప్యాకెట్టు, రెండూ పూల దారంతో గట్టిగా చుట్టింది. దారం తనే విప్పింది. తడి చెయ్యి తగలకుండా అంచు మాత్రం పట్టుకుని కవరు బయటికి తీసింది.

"నీళ్ళు తగల్నీలే," అంది. "ఒక్క చుక్క కూడా."

నేను కవరు తీసుకున్నాను. కాగితం పొడిగా, గరగరలాడుతూ ఉంది. కన్నడ చిరునామా చెక్కుచెదరలేదు. ముద్ర సగం బిళ్ళ మీద, సగం కవరు మీద. తెరిచేటప్పుడు పై అంచు వెంట కత్తితో సన్నగా కోశారు, చిరుగు లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కవరు మీద పడతాయేమోనని దాన్ని మళ్ళీ ఆమె చేతికే ఇచ్చేశాను.

"లోపల ఏమీ లేదే, పెట్టేది మర్సిపోయినాదేమో అనె మీ చిన్నత్త," అంది అత్త. "లోపల ఏంటికే, కవురే గదా ముక్కెం అంటి. ఇది ఈడ పొస్తకంలో ఉండల్ల గదా. పోస్టులో పంపితే యాడన్నా తడుస్తాదని నేనే తెస్తి."

"తేవడానికేనా వచ్చింది?" అన్నాను.

అత్త నా భుజం మీంచి లోపలికి చూసింది. బల్ల మీద విప్పని మూటలు కనబడుతున్నాయి. వాటి పక్కన ఆమె కళ్ళజోడు, పెట్టిన చోటే.

"అవేంది, అన్ని మూటలు? ఇన్ని దినాలూ ఎవురూ నానబెట్లేదా?"

"నువ్వు లేవు కదత్తా. ఎవరు నానబెడతారు?"

"రేపు సూస్తాలే," అంది.

టవలు తెచ్చి ఆమెను గుమ్మం లోపల నిలబెట్టి తల తుడవడం మొదలుపెట్టాను. నెరిసిన జుట్టంతా నీళ్ళే, ఎంత పిండినా కారుతున్నాయి. ఆ నీళ్ళు పడకుండా అత్త కవరును చెయ్యి చాచి దూరంగా పట్టుకుంది. నేను తుడవడం అయ్యేదాకా ఆ చెయ్యి దించలేదు.